మూసిన ఊట

పోయిన వారం ఆండాలును మనం తూము కాలువ పక్కన వదిలి వచ్చాం. చేతులకు అంటిన బంకమన్ను కడుక్కుంటోంది. ఎంత కడిగినా గోళ్ళ సందుల్లో ఎర్రగా మిగిలే ఉంది.

ఆ మన్ను ఎక్కడిదో కొత్తగా చదివేవాళ్ళకు చెప్పాలి. పెన్‌పహాడ్ దాటాక వచ్చే కట్టగూడెంలో దొర తాతల నాటి చెరువు ఒకటి ఉంది. దొర దాని కట్ట మీద బంగళా కట్టించుకుని, షికారు కోసం పడవ తెప్పించుకుని, నడిచే దారికి రెండు పక్కలా పూలచెట్లు పెట్టించాడు. జనం తిరగబడతారని భయపడి దొర పట్నం పారిపోయి ఏడాది కావస్తోంది. బంగళా, పడవ మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. ఇప్పుడు ఆదివారం వస్తే సూర్యాపేట నుంచి, మిర్యాలగూడ నుంచి సర్కారు ఉద్యోగులు పిల్లాపాపలతో వచ్చి పడవ ఎక్కుతున్నారు. పడవ నడిపేది ఆండాలు మొగుడు కొండల్. పడవ బంగళా మెట్ల దాకా రావాలంటే చెరువు నిండుగా ఉండాలి. అందుకని నిండిన నీళ్ళు పొర్లిపోయే మత్తడి మీద, దొర చేయించినట్టే, కొండల్ రాళ్ళు పేర్చాడు. పొలాలకు నీళ్ళు ఎక్కువ పారతాయని రైతులూ ఊరుకున్నారు.

కట్ట అడుగున, మైసమ్మ రాయి కింద, ఎప్పుడూ తేటగా ఊరే ఊట ఒకటుంది. ఆ నీళ్ళు ఎర్రబారాయి. మొదట చూసింది ఆండాలే. కట్ట లోపలి మన్ను కరిగి వస్తోందని మొగుడికి చెప్పింది. వచ్చే ఆదివారం కోదాడ నుంచి చెరువులు తనిఖీ చేసే ఓవర్సీర్ వస్తున్నాడనీ, ఆయన పోయేదాకా ఊట మూసిపెట్టమనీ కొండల్ అన్నాడు. ఆమె వరిగడ్డి, బంకమన్ను కలిపి, చెయ్యి పట్టినంత లోపలికి కూరి, ముందు పాచిపట్టిన పాత బండనే జరిపి పెట్టింది.

గురువారం పొద్దున్నే అత్త సాయమ్మ ఖాళీ బిందెతో తిరిగొచ్చింది. రోజూ బిందె దించుతూనే "ఏందే, ఇంకా పొయ్యి ముట్టియ్యలే?" అని గద్దించే మనిషి, ఆ రోజు బిందెను గోడకు బోర్లించి అరుగు మీద కూలబడింది.

"మైసమ్మ ఊట ఎండింది పిల్లా."

ఆండాలు బియ్యం చెరుగుతోంది. చేట ఆగితే అత్త తన ముఖం చూస్తుందని ఆగనివ్వలేదు.

"ఎండుడేంది అత్తా? చెరువు నిండ నీళ్ళున్నయి గద."

"అదే గద నేననేది! చెరువు ఎండినా ఊట ఎండని తావు అది. కరువుల గూడ మా అత్త గాడనే ముంత ముంచుకొచ్చేది. అసొంటిది, చెరువు నిండుగ ఉండంగ ఎండిందంటే ఎవలో తప్పు జేసిన్రు. ఉప్పలమ్మ జెప్పింది ఎవలో గూడ."

మైసమ్మకు మొదటి బోనం ఎత్తేది ఉప్పలమ్మ. ఆమె మాట అంటే ఊళ్ళో ఆడవాళ్ళకు హద్దు గీసినట్టే. ఆండాలు చేతిలో చేట ఒక పక్కకు ఒరిగింది. నూకలు కింద పోయాయి.

"ఎవలంట?"

"బుచ్చమ్మ కోడలు. తిరుమలగిరి పిల్ల, బాలమ్మ. పురుడన్న తీరలే, పోయి ఊటల కాళ్ళు పెట్టుకొని కూసున్నదట. ఉప్పలమ్మ కండ్లార సూసింది. నూకలు తొక్కకు, జరుగు."

బాలమ్మ కాళ్ళు పెట్టడం ఆండాలు కూడా చూసింది. చంటివాణ్ణి ఒళ్ళో వేసుకుని, పాదాలు నీళ్ళలో పెట్టి, వేళ్ళు కదిలిస్తూ తనలో తాను నవ్వుకుంటోంది. ఆండాలు కడవ నింపుకుంటూ ఆ నవ్వు చూసి తనూ నవ్వింది. ఆ మర్నాడే నీళ్ళు ఎర్రబారాయి.

"అత్తా, ఎండకముందు నీళ్ళు రంగు మారినయి. నువ్వు సూడలేదా?"

"వానకు మారినయేమో. ఏమో పిల్లా, ఊరు ఊరంత దేవుని మీద భయం లేకుంట అయింది. మా కాలంల బోనం ఎత్తే ముందు ఇంటికో గంప మన్ను కట్ట మీద పోసి, అందరం ఎక్కి తొక్కేటోళ్ళం. తొక్కుడంటే ఎట్లనుకున్నవ్, డప్పు కొడుతుంటే పిల్లా జెల్లా పొద్దుమీకేదాక ఎగిరేది. కట్ట రాయి లెక్క గట్టిపడేది. దొర బంగళా కట్టినంక బందు వెట్టించిండు. దొరసాని చెప్పులకు మన్ను అంటుతదంట."

"దొర పోయి ఏడాదాయె గద అత్తా."

ఈ ఏడాది కూడా బోనాలు ఎత్తారు. గంపలు మాత్రం ఎవరూ ఎత్తలేదు. అలవాటు తప్పింది, అంతే. సాయమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని లేచి, "పొయ్యి ముట్టియ్యి" అంది.

చెప్పడానికి అదే అదను అని ఆండాలుకు తెలుసు. ఇంట్లో ఇద్దరే ఉన్నారు. అత్త గట్టిగా తిడుతుంది, తర్వాత ఇద్దరూ పోయి బండ తీస్తారు, అంతటితో అయిపోతుంది. ఆమె పొయ్యి ముట్టించింది.

బుచ్చమ్మ వాళ్ళ ఇల్లు కట్టకు దిగువన, పల్లంలో. ముందు గొర్ల దొడ్డి, వెనక రెండు గుడిసెలు. కొడుకు బీరన్న పొట్టేళ్ళను అమ్మడానికి కోదాడ తోలుకుపోయాడు. అత్తా కోడళ్ళే ఉన్నారు. శుక్రవారం మధ్యాహ్నం ఆండాలు జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం మూటగట్టుకుని వెళ్ళింది. బాలింతకు పెట్టి వస్తానని అత్తకు చెప్పింది. సాయమ్మ వద్దనలేదు, పొమ్మనీ అనలేదు.

బుచ్చమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"రా బిడ్డా. నువ్వన్న వచ్చినవ్. నిన్నటి సంది ఒక్కలు మా గడప తొక్కుతలేరు. చల్ల కోసం వచ్చేటోళ్ళు గూడ వస్తలేరు. మా చల్లకు గూడ మైల అంటిందేమో!"

నవ్వుతూనే అంది.

లోపల గొంగడి మీద బాలమ్మ కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బాయి. ఆండాలును చూడగానే మళ్ళీ మొదలు పెట్టింది.

"అక్కా, ఆనాడు నువ్వు గూడ ఉంటివి. నేను కాళ్ళు పెట్టిన, అబద్ధమాడ. మా తిరుమలగిరిల బాయి నుంచి తోడి తోడి నా చేతులు కాయలు గాసినయి. గీడ నీళ్ళు వాటంతట అవే వస్తుంటే మనసు ఆగలే. తొక్కాల్నని తొక్కలే అక్కా. నా పోరనికి ఏమన్న అయితదా?"

"ఏం గాదు."

"నీకెట్ల ఎరుక?"

ఆండాలు దగ్గర ఆ ప్రశ్నకు జవాబు ఉంది. కొంగుతో బాలమ్మ కళ్ళు తుడిచింది.

"ఉప్పలమ్మ తీర్పు జెప్పింది బిడ్డా" అంది బుచ్చమ్మ రొట్టెల మూట విప్పుతూ. "ఐతారం పొద్దుగాల, తడిబట్టలతోటి, పోరన్ని ఎత్తుకొని ఊట కాడ కూసోవాలె. ఊట మల్ల వచ్చేదాక లేవొద్దంట."

"రాకపోతే?"

"రాకపోతే మంద తోలుకొని ఊరు ఇడిసి పోవాలెనంట. మా ఆయన సమాధి గీడనే ఉన్నది. యాడికి పోవాలె?" ఆమె దొడ్డి వైపు చెయ్యి చూపింది. "మైసమ్మ మమ్మల్ని ఇప్పటికే ఎల్లగొడ్తున్నది. సూడు, గొర్లు పండుకుంటలేవు. నిలువు కాళ్ళ మీదనే ఉంటున్నయి. వాన లేకపాయె, నేలంత నాని బురదాయె. ఊట కాడ నీళ్ళు గుంజుకొని మా దొడ్డిల పోస్తున్నది తల్లి. శాపం గాక ఏంది?"

ఆండాలు దొడ్డిలోకి పోయింది. గొర్రెలు ఒకదాని వెనక ఒకటి నక్కి, ఎత్తుగా ఉన్న మూలకు చేరి నిలబడ్డాయి. ఆమె పాదం మోపింది. నేల మెత్తగా లోపలికి దిగింది. పాదం తీసింది. ఆ గుంటలోకి నీళ్ళు మెల్లగా, తొందరేమీ లేనట్టు, కింది నుంచి ఊరుతూ నిండాయి. ఎర్రటి నీళ్ళు. చల్లగా ఉన్నాయి.

మూసినంత మాత్రాన నీళ్ళు ఎటూ పోలేదు. కట్ట కడుపులోనే దారి వెతుక్కుంటూ ఇక్కడిదాకా వచ్చాయి.

"పెద్దమ్మా" అంది.

"ఏంది బిడ్డా?"

బుచ్చమ్మ రొట్టె ముక్క తుంచి, కారం అద్ది, కోడలి నోటి దగ్గర పెట్టి నిలబడి ఉంది. ఆ ఇంట్లోకి నిన్నటి నుంచి వచ్చిన ఒకే ఒక్క మనిషి ఆండాలు.

"రొట్టె సల్లారుతది. మీరు గూడ తినున్రి."

కట్ట ఎక్కి ఇంటికి పోయేదాకా ఆమె కాళ్ళ బురద ఆరలేదు.

శనివారం కొండల్ బంగళా మెట్ల దగ్గర పడవను గట్టుకు లాగి, మిర్యాలగూడ నుంచి తెచ్చిన తారు కాచి, పలకల సందులకు పూస్తున్నాడు. ఏదో కూనిరాగం తీస్తున్నాడు. చెరువు నీళ్ళు పైమెట్టును తాకి వెనక్కు పోతున్నాయి. పెళ్ళాన్ని చూసి కుంచె ఊపాడు.

"ఏమే, గిట్ల వచ్చినవ్? సూడు, నీ పెండ్లినాడు గూడ ఇంత సింగారం లేదు, ఈ పడవకు చేస్తున్న."

"ఊట తెరుస్త."

రాగం ఆగింది. "మెల్లగ అను."

"దొడ్డి కింది నుంచి నీళ్ళొస్తున్నయి. ఎర్రటియే. నేను తొక్కి సూసిన."

"పల్లం జాగ. నీళ్ళు నిలవక ఏం చేస్తయి?"

"నిలిచిన నీళ్ళు గావు. ఊరుతున్నయి. మత్తడి మీద రాళ్ళన్న తీయి. జర నీళ్ళు దిగితే కట్ట మీద బరువు తగ్గుతది."

"రాళ్ళు తీస్తే పడవ మెట్ల దాక రాదు. ఓవర్సీర్ సాబ్ భార్య బురదల దిగాల్నా?"

"దిగితే ఏమైతది? బుచ్చమ్మ పెద్దమ్మ గొర్లు బురదలనే నిలవడ్డయి."

కొండల్ కుంచెను తారు డబ్బాలో పెట్టాడు. చేతులు గడ్డికి తుడుచుకున్నాడు.

"మా నాయిన ఈ పడవ మీదనే వెట్టి జేసిండు ఆండాలూ. దొర ఓనాడు తెడ్డు గుంజుకొని కొడితే, వీపు మీది వాత సచ్చేదాక పోలే. స్నానం పోసేటప్పుడు నేనే సూసేది. ఇప్పుడు అదే పడవల నన్ను, 'కొండలూ, నువ్వు గూడ కూసోని తాగు' అని చాయ్ ఇస్తున్నరు. కిరాయి చేతుల పెడ్తున్నరు. ఒక్క ఏడాదే అయింది. ఓవర్సీర్ ఆ ఎర్రనీళ్ళు సూస్తే తూము ఎత్తిస్తడు. చెరువు ఖాళీ. పడవ బురదల కూసుంటది. నేను మల్ల ఎవని ముంగట చేతులు కట్టుకొని నిలవడాలె?"

కొండల్ చెడ్డవాడైతే ఆమెకు సులువుగా ఉండేది. మామ వీపు మీది వాత ఆమె కూడా చూసింది. పెళ్ళయిన కొత్తలో ఆయనకు అన్నం పెడుతూ, ఆ వాతను చూడనట్టు తల తిప్పుకునేది.

"రేపు బాలమ్మ గాడ కూసుంటది. మూసిన ఊట ముంగట. పోరన్ని ఎత్తుకొని."

"కూసోనీ. ఒక్కపూట. ఓవర్సీర్ పోంగనే నేనే వచ్చి బండ తీస్త. ఊట వచ్చిందని అందరు దండం పెడ్తరు. బాలమ్మ కూసున్నందుకే వచ్చిందంటరు. ఆ పిల్లకు మంచి పేరే అస్తది."

ఆండాలు అతని ముఖంలోకి చూసింది. అతను నిజంగానే అలా అనుకుంటున్నాడు. ఎవరికీ ఏ నష్టమూ లేకుండా అంతా సర్దుకుపోతుందని ఒక్క నిమిషం ఆమెకు కూడా అనిపించింది. అలా అనిపించినందుకే భయం వేసింది.

"నేను చెప్పేస్త" అంది.

"ఏమని చెప్తవ్? కొండల్ మూసిండనా? నేను చెయ్యి వెట్టలే. మూసింది నువ్వు."

"నువ్వు జెప్తెనే కద!"

"చెప్పిన. చేసింది నువ్వు."

అన్నాక కొండల్ తనే తల దించుకున్నాడు. కుంచె తీసుకుని, అప్పటికే పూసిన చోటే మళ్ళీ పూయడం మొదలుపెట్టాడు. ఆమె కట్ట మీది దారిన ఇంటికి నడిచింది. దొర పెట్టించిన పూలచెట్ల వేళ్ళు దారికి అడ్డంగా పాకి, మట్టిని పైకి లేపి, సందులు చేశాయి. ఒక సందులో ఆమె కాలి బొటనవేలు ఇరుక్కుంది. రోజూ నడిచే దారే. ఆ సందు ఇంత లోతని ఇన్నాళ్ళూ గమనించలేదు.

ఆదివారం వాన లేదు. ఎండ పలచగా కాస్తోంది. ఆండాలు బంగళా వరండా ఊడుస్తుండగా ఓవర్సీర్ జీపు వచ్చింది. తెల్ల బట్టల్లో ఆయన, పక్కన పూలు పెట్టుకున్న భార్య, ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లవాడు. పిల్లలు జీపు ఆగకముందే దూకి మెట్ల వైపు పరుగెత్తారు.

"అబ్బో, నీళ్ళు మెట్టు దాకా వచ్చేశాయే!" అన్నాడు ఓవర్సీర్. "కిందటిసారి ఇంత లేవుగా?"

"వానలు మంచిగ పడ్డయి సార్" అన్నాడు కొండల్, పడవ తాడు పట్టుకుని.

"కట్ట ఎలా ఉందోయ్?"

"మంచిగున్నది సార్."

"కిందకి దిగి ఓసారి చూడాలి."

కొండల్ చేతిలో తాడు బిగిసింది. ఇంతలో పిల్లవాడు "నాన్నా, పడవ!" అని ఆయన చొక్కా పట్టి లాగాడు. భార్య, "ముందు పిల్లల్ని తిప్పండి. ఎండెక్కితే తల నొప్పంటారు" అంది.

"సరే పద. పడవలోంచి కనిపిస్తుందిగా, చూద్దాంలే."

పడవ మెట్లను వదిలి కదిలింది. కొండల్ ఒక్కసారి వెనక్కు తిరిగి ఆండాలు వైపు చూశాడు. కోపంగా కాదు. బతిమాలినట్టు.

చీపురు పట్టుకుని ఆమె కట్ట మీద నిలబడింది. ఒక పక్క నిండు చెరువు, తెల్ల బట్టలు, పిల్లల నవ్వులు. రెండో పక్క, కట్ట వాలు కింద, మైసమ్మ రాయి చుట్టూ ఆడవాళ్ళ గుంపు. మధ్యలో తడిచీరతో బాలమ్మ. ఆమె వెనక పాచి బండ. అటూ ఇటూ రెండూ కనిపించే చోటు ఊళ్ళో ఇదొక్కటే. ఇక్కడ నిలబడి ఏమీ తెలియదని అనడం కుదరదు.

చీపురు అక్కడే పడేసి దిగింది.

బుచ్చమ్మ గొంగడిని చంటివాడి మీద కప్పుతోంది. తడిబట్టల చలికి పిల్లవాడు ఏడ్చి అలసి, ఇక వెక్కిళ్ళు పెడుతున్నాడు. సాయమ్మ వేపమండలు పట్టుకుని ఒక పక్కన నిలబడింది. ఉప్పలమ్మ రాయికి పసుపు రాసి, బాలమ్మ నుదుట ఇంత బొట్టు పెట్టింది.

"తల్లికి తప్పు దండం పెట్టు పిల్లా. నోరు దెరిచి చెప్పు, అందరు ఇనాలె."

బాలమ్మ పిల్లవాణ్ణి గుండెకు అదుముకుని, తల నేలకు ఆనించింది.

"తప్పైంది తల్లీ. నాదే తప్పు. నా పోరన్ని ఏమనకు."

"అది నీ మాట గాదు బాలమ్మా" అంది ఆండాలు. "నాది."

అందరూ తిరిగి చూశారు. జీవితంలో ఆమె నలుగురిలో గొంతెత్తింది లేదు. తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది.

"ఊట ఎండలే. నేను మూసిన."

"ఏం కూతలే అవి?" సాయమ్మ వేపమండలు కింద పడేసింది. "ఇంటికి నడువు!"

"నీళ్ళు ఎర్రగ వచ్చినయి అత్తా. కట్ట లోపలి మన్ను కొట్టుకొస్తున్నదని నాకు ఎరుకనే. ఓవర్సీర్ సూస్తే చెరువు ఖాళీ చేయిస్తడని గడ్డి, మన్ను కూరి మూసిన. ఆ నీళ్ళే ఇప్పుడు పెద్దమ్మ దొడ్డి కింది నుంచి వస్తున్నయి."

"మైసమ్మ ఊట మూసెటందుకు నీకేం పొయ్యేకాలం వచ్చిందే?" ఉప్పలమ్మ ముందుకొచ్చింది. "ఎవలు జెప్పిన్రు నీకు? నీ మొగడా?"

ఆండాలు తన రెండు చేతులూ చూసుకుంది.

"నా చేతులే మూసినయి."

బుచ్చమ్మ లేచింది. తిడుతుందనీ, కొడుతుందనీ అందరూ చూశారు. ఆమె చాలా మెల్లగా అడిగింది.

"మొన్న నా గుడిసెల కూసున్నవ్. నా కోడలు కండ్లు తుడిసినవ్. రొట్టె పెట్టినవ్."

"ఔ పెద్దమ్మా."

"అప్పటికే ఎరుకనా?"

"ఎరుకనే."

"నేను పొద్దంత నీ పేరే జెప్పుకున్న బిడ్డా. ఊరంత ఒక్క తీరు, సాయమ్మ కోడలు ఒక్క తీరని." బుచ్చమ్మ కోడలి చేతుల్లోంచి పిల్లవాణ్ణి తీసుకుని, గొంగడిలో చుట్టి, అటు తిరిగింది. "నీ రొట్టె నా కడుపుల మన్నైంది పో."

బాలమ్మ ఇంకా నేల మీదే ఉంది. నుదుటి బొట్టు కారి ముక్కు మీదికి వచ్చింది.

"నేను కాళ్ళు పెట్టుడుతోని కాలేదా అక్కా?"

"కాలేదు."

"నిజంగ?"

"నిజంగ."

బాలమ్మ ముఖం మీద కోపం రాలేదు. ఎంతో బరువు దించినట్టు నోరు తెరిచి గాలి పీల్చుకుంది. నవ్వినంత పని చేసింది. బుచ్చమ్మ మాట కన్నా ఆ నవ్వే ఆండాలుకు ఎక్కువ తగిలింది.

"లేచి దూరం పో" అంది బాలమ్మతో. "అందరు జరగున్రి. బండ తీస్తె నీళ్ళు ఎగదన్నుతయి."

ఈసారి సాయమ్మ కూడా వెనక్కు జరిగింది. ఆండాలు మోకాళ్ళ మీద కూర్చుని బండను రెండు చేతులతో లాగింది. పాచి జారి వేళ్ళు గీరుకుపోయాయి. బండ పక్కకు ఒరిగింది. లోపల తను మెత్తిన బంకమన్ను ఎండి పగుళ్ళిచ్చింది. ఆమె గోళ్ళతో పెకలించింది. గడ్డి పిడికిళ్ళతో పీకి పక్కన పడేసింది. ముఖం మీదికి నీళ్ళు చిమ్ముతాయని కళ్ళు సగం మూసుకుంది. ఇంకొంచెం. ఇంకొంచెం. భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి చివరి గడ్డిచుట్ట పట్టుకుని లాగింది.

నీళ్ళు రాలేదు.

ఆమె కళ్ళు తెరిచి, చేతిలో గడ్డిని చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. పొడిగా ఉంది. మళ్ళీ చెయ్యి పెట్టి తడిమింది. లోపల చల్లదనం లేదు, తడి లేదు. ఒట్టి బొరియ.

"సూసిన్రా!" ఉప్పలమ్మ రెండు చేతులూ పైకెత్తింది. "ఇది మూసుడేంది, ఊట ఎండుడేంది! తల్లే ఎండవెట్టింది. ఇది బాలమ్మను కాపాడనీకి నెత్తి మీద ఏసుకుంటున్నది!"

ఆడవాళ్ళలో కలకలం లేచింది. ఒకరు దండం పెట్టారు, ఒకరు బాలమ్మను మళ్ళీ కూర్చోమన్నారు. ఆండాలుకు ఏ మాటా చెవిలోకి పోలేదు. అంత నిండు చెరువు కింద, అంత నానిన కట్టలో, ఊట నోరు పొడిగా ఎలా ఉంటుంది? నీళ్ళకు ఇంత కన్నా పెద్ద దారి దొరికితే తప్ప.

పల్లంలోంచి గొర్రెలన్నీ ఒక్కసారిగా అరిచాయి.

"నా మంద!" అని బుచ్చమ్మ పిల్లవాడితోనే అటు పరుగు తీయబోయింది.

"పోకు పెద్దమ్మా! పల్లంల దిగకు!" ఆండాలు ఆమె చెయ్యి పట్టి లాగింది. "బాలమ్మా, అత్తా, అందరు కట్టకు దూరం పోన్రి! గుట్ట దిక్కు పోన్రి!"

ఆమె మాత్రం కట్ట ఎక్కింది. వాలు గడ్డిని చేతులతో పట్టుకుని పాకుతూ ఎక్కింది. పైన, కట్టకు అవతల నుంచి, పిల్లల కేరింతలు వినిపిస్తున్నాయి. ఎంతో సంతోషంగా ఉన్నారు.

"ఇంకా తిప్పు కొండలూ! ఇంకా గట్టిగా తిప్పు!"

ఆండాలు కట్ట మీదికి వచ్చి నిలబడింది. పడవ కట్టకు దగ్గరగానే ఉంది. మెల్లగా, గుండ్రంగా తిరుగుతోంది. చుట్టూ ఎండుటాకులు, నురగ, దొర పూలచెట్ల నుంచి రాలిన పూలు, అన్నీ దాంతోపాటే ఒకే సుడిలో తిరుగుతున్నాయి. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. ఓవర్సీర్ భార్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఓవర్సీర్ నవ్వడం లేదు. ఆయన పడవ అంచు పట్టుకుని నీళ్ళలోకి చూస్తున్నాడు.

కొండల్ ఆమె వైపే చూస్తున్నాడు. అతని చేతుల్లో తెడ్లు రెండూ నీళ్ళకు పైన, గాలిలో ఉన్నాయి.

పడవ తిరుగుతూనే ఉంది.